మర్యాద తెలిసిన రౌడీలు

‘గాంధీ’ సినిమాని భక్తిశ్రద్ధలతో చూసిన తరం ఒకటి మన దేశంలో ఉంది. 1982లో ఆ సినిమా తీసిన రిచర్డ్ అటెన్‌బరో మీద, అందులో మహాత్ముడి వేషం కట్టిన బెన్ కింగ్‌స్లీ మీద ఆ తరానికి ఉన్న గౌరవం అంతా ఇంతా కాదు. కింగ్‌స్లీ అసలు పేరు కృష్ణ భాన్‌జీ అనీ, తండ్రి వైపు వాళ్లది గుజరాత్ మూలమనీ తెలిశాక ఆ గౌరవానికి చుట్టరికం కూడా తోడైంది. పాపం, ఆ తరంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. బ్రిటిష్ నేర సినిమాల పోలీస్ స్టేషన్‌లో ఈ ఇద్దరు పెద్దమనుషుల పేరు మీదా దిట్టమైన రౌడీషీట్లు ఉన్నాయి.

అటెన్‌బరో షీటు 1947లో మొదలవుతుంది. గ్రాహం గ్రీన్ నవల ఆధారంగా జాన్ బౌల్టింగ్ తీసిన ‘బ్రైటన్ రాక్’లో ఆయన పింకీ. వయసు పదిహేడేళ్లు, చుట్టూ గుర్రప్పందేల మీద బతికే ముఠా, చేతిలో మంగలికత్తి. మందు ముట్టని బుద్ధిమంతుడు, మనుషుల్ని చంపడం ఒక్కటే అలవాటు. సముద్రం ఒడ్డున జనం ఐస్‌క్రీములు తినే విహార పట్నంలో ఈ కథ నడపడంతో ఊరి పెద్దల మనసు ఎక్కడ నొచ్చుకుంటుందోనని సినిమా మొదట్లోనే ఒక ప్రకటన వేశారు. ఇదంతా రెండు యుద్ధాల మధ్య కాలం నాటి మాట, ఇప్పటి బ్రైటన్ చక్కటి సరదా ఊరు అని దాని సారాంశం. హత్యలు మొదలుపెట్టే ముందు పర్యాటక శాఖ తరఫున చిన్న మనవి అన్నమాట.

ఆ తర్వాత 1971లో ‘10 రిల్లింగ్టన్ ప్లేస్’. లండన్‌లో నిజంగా ఆడవాళ్లని వరసగా చంపిన జాన్ క్రిస్టీగా అటెన్‌బరో ఇందులో గొంతు పెంచడు. బట్టతల, కళ్లద్దాలు, గుసగుస. పై అంతస్తులో అద్దెకున్న తిమోతీ ఎవాన్స్‌ని చెయ్యని హత్యకి 1950లో ఉరి తీశారు, క్రిస్టీ సంగతి బయటపడి అతణ్ని ఉరి తీసింది 1953లో. ఎవాన్స్‌కి క్షమాభిక్ష 1966లో వచ్చింది, పుచ్చుకోవడానికి మనిషే లేడు. సినిమాని ఆ వీధిలోనే తీశారు. పదో నంబరు ఇంట్లో ఉంటున్నవాళ్లు షూటింగ్ కోసం ఖాళీ చేసేది లేదనడంతో ఏడో నంబరు ఇంట్లో కానిచ్చారు. ఈ ఒక్క సినిమా విషయంలో హాస్యానికి చోటు అంతవరకే. చూశాక ఇంటి ఓనరు మెల్లగా మాట్లాడినా అనుమానం వస్తుంది.

ఇక కింగ్‌స్లీ. 2000 సంవత్సరంలో వచ్చిన జొనథన్ గ్లేజర్ సినిమా ‘సెక్సీ బీస్ట్’ పేరు చూసి వేరే ఏదో ఆశించి టికెట్ కొన్నవాళ్లకి మొదటి ఐదు నిమిషాల్లోనే బుద్ధొస్తుంది. తెర మీద కనిపించేది ఎండలో కాగుతున్న ఒక పెద్ద బొజ్జ. అది గాల్ అనే రిటైరైన దొంగది, వేసినాయన రే విన్‌స్టన్. కొండ మీదనుంచి ఒక బండరాయి దొర్లుకుంటూ వచ్చి, వెంట్రుకవాసిలో ఆ బొజ్జని వదిలేసి, స్విమ్మింగ్ పూల్‌లో పడుతుంది. దాని వెనకే లండన్ నుంచి డాన్ లోగన్ అనే ఇంకో బండరాయి దిగుతుంది. అదే మన గాంధీ.

గాల్ స్పెయిన్‌లో ఎందుకున్నాడంటే దానికీ ఒక చరిత్ర ఉంది. బ్రిటన్‌కీ స్పెయిన్‌కీ మధ్య నేరస్థుల అప్పగింత ఒప్పందం 1978లో చెల్లిపోయి, 1985 వరకు కొత్తది రాలేదు. ఆ సందులో ఇంగ్లీషు దొంగలు బోలెడుమంది మూటాముల్లె సర్దుకుని దక్షిణ స్పెయిన్ తీరంలో స్థిరపడ్డారు. బ్రిటిష్ పత్రికలు ఆ తీరానికి నేరతీరమని పేరు పెట్టి మురిసిపోయాయి. అలా ఎండా, ఈతా, పెళ్లామూ అనుకుంటూ బతుకుతున్న గాల్ దగ్గరికి లోగన్ వచ్చేది ఒకే పని మీద. ఇంకొక్క దొంగతనం చెయ్యాలి. గాల్ రానంటాడు. లోగన్‌కి ‘రాను’ అనే మాట వినపడదు. బతిమాలతాడు, తిడతాడు, తెల్లవారుజామున లేపి తిడతాడు, అద్దం ముందు నిలబడి తనని తాను కూడా తిట్టుకుంటాడు. పెళ్లికి రానన్నవాళ్లని ఒప్పించేదాకా గుమ్మం దిగని మన మేనత్తలని చూసినవాళ్లకి ఈ పాత్ర కొత్తగా అనిపించదు. ఆ పోలిక మరీ అన్యాయమేమీ కాదు. ఈ పాత్రకి నమూనా తన అమ్మమ్మేనని కింగ్‌స్లీ స్వయంగా చెప్పాడు.

ఈ వేషానికి ఆయనకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. అవార్డు మాత్రం ‘ఐరిస్’లో మతిమరుపు జబ్బు చేసిన భార్యని ఓపిగ్గా చూసుకునే భర్త వేషానికి జిమ్ బ్రాడ్‌బెంట్ పట్టుకుపోయాడు. మంచితనం గెలిచింది, మంచిదే. కానీ ఈ వ్యాసకర్త ఓటు ఇప్పటికీ లోగన్‌కే.

మన తెర మీద ఫ్యాక్షన్ నాయకుడు ఊళ్లోకి రావాలంటే పాతిక సుమోలు దుమ్ము లేపాలి. మైక్ హాడ్జెస్ తీసిన ‘గెట్ కార్టర్’ (1971)లో జాక్ కార్టర్ అన్న చావుకి లెక్క తేల్చడానికి లండన్ నుంచి న్యూకాసిల్‌కి రైల్లో వస్తాడు. డైనింగ్ కారులో సూప్ తాగబోతూ చెంచా తుడుచుకుంటాడు. ముక్కులో చుక్కల మందు వేసుకుంటాడు. డిటెక్టివ్ నవల చదువుకుంటాడు. ఇంత ఆరోగ్యం, ఇంత శుభ్రం పాటించే మనిషి ఊరు దిగాక ఒక్కొక్కరినీ చంపుకుంటూ పోతాడంటే మొదట నమ్మబుద్ధి కాదు. బార్‌లో బీరు అడిగినా పల్చటి గ్లాసులో కావాలంటాడు. కార్టర్ వేషం వేసిన మైకేల్ కెయిన్ తండ్రి లండన్ చేపల మార్కెట్‌లో కూలీ. ఆ పేటల్లో రౌడీలని దగ్గరనుంచి చూసినవాడు కనక, సినిమాల్లో వాళ్లని వెర్రివాళ్లుగానో బఫూన్లుగానో చూపించడం ఆయనకి నచ్చేది కాదు. కార్టర్ వెర్రివాడు కాదు, బఫూనూ కాదు. అయినా నవ్వొస్తుంది. ఆ నవ్వు అతని చుట్టూ ఉన్న ఊరి వల్ల వస్తుంది. నగ్నంగా, చేతిలో డబుల్ బ్యారెల్ తుపాకీతో ఇద్దరు రౌడీలని ఇంట్లోంచి వీధిలోకి తరిమే ఘట్టంలో ఎదురింటావిడ చూస్తూ నిలబడుతుంది, అదే సమయానికి పిల్లల బ్యాండు మేళం వీధిలో కవాతు చేస్తూ పోతుంది. ఎవరి పని వాళ్లదే.

ఆ సినిమాలో అందరికీ గుర్తుండిపోయేది గేట్స్‌హెడ్‌లోని కాంక్రీటు కార్ పార్క్. ఓవెన్ లూడర్ సంస్థ డిజైన్ చేసిన ఈ అంతస్తుల కట్టడం పైన బ్రంబీ అనే వ్యాపారి రెస్టారెంట్ పెట్టాలని ఆర్కిటెక్టులతో మాట్లాడుతుంటాడు. కార్టర్ వచ్చి అతణ్ని కిందికి విసిరేస్తాడు. కింద జనం గుమిగూడతారు. పైనున్న ఆర్కిటెక్టుల్లో ఒకడు రెండోవాడితో అనేది ఒకటే: ఈ పనికి మన ఫీజు వచ్చేలా లేదు. బ్రిటిష్ నేర సినిమా మొత్తాన్ని ఒక్క వాక్యంలో చెప్పమంటే ఈ వ్యాసకర్త అదే చెప్తాడు. నిజ జీవితంలోనూ ఆ పై అంతస్తు కాఫీ హోటల్ ఎన్నడూ తెరుచుకోలేదు. 2010లో కట్టడాన్ని కూల్చేశాక అక్కడి కౌన్సిల్ కాంక్రీటు ముక్కలని రేకు డబ్బాల్లో పెట్టి ఐదు పౌండ్లకి ఒకటి చొప్పున అమ్మింది. అన్నట్టు, రాయ్ బడ్ కట్టిన ఈ సినిమా టైటిల్ సంగీతంలో చెవి పెట్టి వింటే మన తబలా వినిపిస్తుంది. వాయించింది క్రిస్ కరన్.

కార్టర్‌కి రైలు టికెట్ చాలు. ‘ది లాంగ్ గుడ్ ఫ్రైడే’ (1980)లో హెరాల్డ్ షాండ్‌కి మాత్రం లండనంతా కావాలి. జాన్ మెకెంజీ దర్శకుడు, షాండ్‌గా బాబ్ హాస్కిన్స్. పొట్టిగా, గట్టిగా, ఎప్పుడూ ఉడికిపోతూ ఉంటాడు. పాతబడిన రేవు ప్రాంతాన్ని అభివృద్ధి చేసి, అక్కడ 1988 ఒలింపిక్స్ జరిపించాలని అతని కల. అమెరికా మాఫియా పెద్దలని పెట్టుబడి కోసం పిలిచి, థేమ్స్ మీద పడవలో, వెనకాల టవర్ బ్రిడ్జి కనపడేలా నిలబడి ఉపన్యాసం ఇస్తాడు. మన దగ్గర రియల్ ఎస్టేట్ బ్రోచర్లు చదివినవాళ్లకి ఆ ఉపన్యాసంలో అర్థం కాని ముక్క ఒక్కటీ ఉండదు. ఆ తర్వాత రేవు ప్రాంతంలో కెనరీ వార్ఫ్ మేడలు లేచాయి, లండన్ తూర్పు పేటలకి 2012లో ఒలింపిక్సూ వచ్చాయి. రౌడీ కల నిజమే అయింది, కాకపోతే అతని చేతుల మీదుగా కాదు.

ఆ ఈస్టర్ శుక్రవారం అతిథులు ఊళ్లో ఉండగానే అతని కారు, అతని పబ్బు పేలిపోతాయి. చంపుతున్నదెవరో తెలీదు. అతిథుల ముందు మాత్రం ఏమీ జరగనట్టు ఉండాలి. భార్య లాంటి తోడు విక్టోరియాగా హెలెన్ మిరెన్ ఆ మర్యాదలన్నీ చూసుకుంటుంది. ప్రాణ స్నేహితుడి శవాన్ని ఎవరికీ అనుమానం రాకుండా ఐస్‌క్రీం బండిలో తరలిస్తారు, ఈ చావులో గౌరవం ఏముందని షాండ్ బాధపడతాడు. ఆపైన లండన్ రౌడీలని పట్టుకొచ్చి కబేళాలో కొక్కేలకి తలకిందులుగా వేలాడదీసి విచారణ చేస్తాడు. హాస్కిన్స్ యాస అమెరికా వాళ్లకి అర్థం కాదని నిర్మాతలు వేరే గొంతుతో డబ్బింగ్ చెప్పించబోతే ఆయన అడ్డం తిరిగాడు. సినిమాని టీవీకి కత్తిరించి పారేసే గతి తప్పించి విడుదల చేసింది బీటిల్స్ జార్జ్ హారిసన్ పెట్టిన హ్యాండ్‌మేడ్ ఫిల్మ్స్. చివర్లో కారు వెనక సీట్లో హాస్కిన్స్ ముఖం మీద కెమెరా అలా నిలబడిపోతుంది, మాటా పలుకూ లేదు. ఎదురుగా తుపాకీ పట్టుకుని నవ్వే కుర్రాడు పియర్స్ బ్రాస్నన్, జేమ్స్ బాండ్ కావడానికి ఇంకా చాలా ఏళ్లుంది.

షేన్ మెడోస్ ‘డెడ్ మ్యాన్స్ షూస్’ (2004) వేరే బాపతు. డెర్బీషైర్‌లో చిన్న ఊరు, మందబుద్ధి తమ్ముణ్ని ఏడిపించిన మత్తుమందు బ్యాచ్ మీద పగ తీర్చుకోడానికి సైన్యం నుంచి వచ్చిన అన్న. అన్నగా ప్యాడీ కాన్సిడైన్ కళ్లు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఆ విలన్లందరూ ఇరుక్కుని తిరిగే కారు ఏమిటో తెలుసా? ఒక బుల్లి సిట్రోయెన్ 2సీవీ. భయానకమైన సినిమాలో ఆ కారు తెర మీదికి వచ్చిన ప్రతిసారీ నవ్వాలో ఒద్దో తెలియక అవస్థ పడాలి. ముగింపు మాత్రం ఎవరూ చెప్పకుండా చూడాల్సిందే.

నవ్వుకోడానికే చూస్తామనేవాళ్లు గై రిచీతో మొదలుపెట్టచ్చు. ‘లాక్, స్టాక్ అండ్ టూ స్మోకింగ్ బ్యారెల్స్’ (1998)లో నలుగురు స్నేహితులు తలా 25,000 పౌండ్లు వేసుకుని తమలో ఒకణ్ని పేకాటకి కూర్చోబెడతారు. ఆట త్రీ కార్డ్ బ్రాగ్, మన మూడుముక్కలాటకి తాత. మోసపు ఆటలో అర మిలియన్ పౌండ్లు అప్పుపడతారు, తీర్చడానికి గడువు వారం. బాకీలు వసూలు చేసే బిగ్ క్రిస్‌గా ఫుట్‌బాల్ మైదానంలో మొరటు ఆటకి పేరుపడ్డ విన్నీ జోన్స్. అతను కొడుకుని వెంటేసుకుని డ్యూటీకి వెళ్తాడు, పిల్లాడి ఎదురుగా ఎవరైనా బూతు మాట్లాడితే ఊరుకోడు, కారెక్కగానే సీటు బెల్టు పెట్టుకోమంటాడు. జేసన్ స్టేథమ్‌కి ఇదే మొదటి సినిమా. అంతకుముందు వీధుల్లో సెంట్లూ నగలూ అమ్మేవాడు కాబట్టి, మొదటి సీన్‌లో దొంగ సరుకు అమ్మడానికి వేరే రిహార్సల్ అక్కర్లేకపోయింది.

ఆ తర్వాత వచ్చిన ‘స్నాచ్’ (2000)లో బ్రాడ్ పిట్ మాట ఒక్కటీ ఎవరికీ అర్థం కాదు, అర్థం కాకూడదనే అలా రాశారు. ఆ సినిమా డీవీడీలో కేవలం అతని మాటలకే విడిగా సబ్‌టైటిల్స్ పెట్టుకునే సౌకర్యం ఇచ్చారు. ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి చూసేవాళ్లకి ఈ వ్యాసకర్త సలహా దీనికి సరిగ్గా వ్యతిరేకం. పైన చెప్పిన సినిమాల్లో ‘బ్రైటన్ రాక్’ ఒక్కటి వదిలేసి, మిగతా అన్నిటికీ సబ్‌టైటిల్స్ ఆపేసుకోవడం మంచిది. డాన్ లోగన్ గాల్‌ని ఏమంటున్నాడని అత్తగారు అడిగితే, భోజనానికి రమ్మంటున్నాడని చెప్పచ్చు.