స్క్వేర్ ఫీటుకు రెండు కోట్ల డాలర్లు

చీకటి గదిలో గోడల మీదా నేల మీదా బొమ్మలు పారించే ప్రదర్శన ఏ దేశంలో పెట్టినా, ముందుగా దొరికేది వాన్ గోయే. ఆయన రంగులు బాగుంటాయి, కథ ఇంకా బాగుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆయనకు ఎవరూ పైసా కట్టనక్కర్లేదు. మనిషి పోయింది 1890లో. మన దేశంలో చిత్రకారుడు పోయాక 60 ఏళ్ల దాకా బొమ్మల మీద హక్కు వారసులది, ఆ తర్వాత లోకానిది. అదే ఎం.ఎఫ్. హుస్సేన్ గుర్రాలను ఇలా ఎవరినీ అడక్కుండా గోడల మీద పరుగెత్తించాలంటే 2072 దాకా ఆగాలి. వ్యాపారస్తులు అంతకాలం ఆగరు కాబట్టి వాన్ గో 2023 మొదట్లో ముంబైలో దిగి, ఊళ్లు తిరిగి, మన హైదరాబాద్‌కూ వచ్చాడు.

మా మేనకోడలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేది అక్కడే. పారిస్‌లో ఒక పాత ఇనుప పోత కర్మాగారాన్ని 2018లో ఇలాంటి బొమ్మల గదిగా మార్చారు. ‘ఎమిలీ ఇన్ పారిస్’ అనే సీరియల్‌లో ఆ గదిని చూసినప్పటినుంచీ ఈ పిల్లకు తన తల్లిదండ్రులను నక్షత్రాల మధ్య కూర్చోబెట్టాలని కోరిక. వాళ్లుండే అచ్చంపేటలో మేడ ఎక్కితే నక్షత్రాలే కదమ్మా అంటే, "అవి వేరు మామా" అంది. నిజమే, వాటికి టికెట్టు లేదు.

ఇక్కడ మా బావ సంగతి చెప్పాలి. ఫ్లెక్సీలు రాకముందు అచ్చంపేటలో సగం గోడలు ఆయనవే. ఎరువుల దుకాణాల బోర్డులు, సిమెంటు కంపెనీల ప్రకటనలు, సంక్రాంతికి ఉమామహేశ్వరం జాతర తోరణాలు, ట్రాక్టర్ ట్రాలీల వెనక నెమళ్లు, ఎన్నికలొస్తే అన్ని పార్టీల గుర్తులూ ఆయన చేతివే. ఏ పార్టీకీ అన్యాయం చేయలేదు, అందరి దగ్గరా అడ్వాన్సు తీసుకున్నాడు. అలాంటి మనిషిని రంగు లేకుండా గోడ నింపే చోటికి తీసుకుపోవడం మంచిది కాదని నాకు ముందే అనిపించింది. కానీ మేనకోడలు టికెట్లు కొనేసింది, వాపసు ఇవ్వరట. ఒక్కో టికెట్టు ఎంతో విన్నాక మా అక్క డిండి దాటి కల్వకుర్తి వచ్చేదాకా మాట్లాడలేదు. ఆమనగల్లు దగ్గర మాత్రం, "గా పైసలకు ఇంటికి సున్నమన్న ఏపిచ్చుకుందుము" అంది.

గేటు దగ్గర అక్క సంచీలోంచి వేయించిన పల్లీల పొట్లం బయటపడింది. లోపలికి పనికిరావన్నారు. అచ్చంపేట మార్కెట్ యార్డుకు యాసంగి పల్లికాయ లారీలకు లారీలు వస్తుంది, అక్కడి మనిషి పల్లీలు లేకుండా రెండు గంటలు ఉండగలదని ఆ సెక్యూరిటీ అబ్బాయి ఎలా అనుకున్నాడో. అక్క పొట్లం విప్పి అతనికో గుప్పెడు పెట్టి, మిగతాది అక్కడే నిలబడి మాకు పంచింది. వెనక లైను ఆగింది. ఎవరూ ఏమీ అనలేదు, అందరికీ తలా నాలుగు దక్కాయి.

లోపల మొదట వాన్ గో జీవిత చరిత్ర రాసిన పలకలుంటాయి. అందరూ అక్కడ పరుగు, మేం మాత్రం ఆగాం. మేనకోడలు చదివి చెబుతుంటే అక్క వింది. బొమ్మలు వేయాలని 27 ఏళ్లకు గానీ నిశ్చయించుకోలేదు, 37 ఏళ్లకు పోయాడు. ఆ పదేళ్లలో నూనె రంగుల చిత్రాలే 860 దాకా వేశాడు. రంగులు, గుడ్డ, గది అద్దె, అన్నం, అన్నిటికీ డబ్బు పంపింది తమ్ముడు తియో. అన్న పోయిన ఆరు నెలలకే అతనూ పోయాడు. చంకలో పసిపిల్లాడు, ఇంటి నిండా ఎవరూ కొనని బొమ్మలు, వీటితో మిగిలిన తియో భార్య యోహానా, అద్దె గదుల ఇల్లు నడుపుకుంటూ, బొమ్మలను ప్రదర్శనలకు పంపుతూ, కొన్నిటిని చూసి చూసి అమ్ముతూ, 1914లో ఆ అన్నదమ్ముల ఉత్తరాలు అచ్చువేసి ఆయన్ను లోకానికి చూపించింది.

"అంటే మరదలు లేకుంటే ఈయన్నెవరు అడిగెటోళ్లు? ఎక్కడన్న జూడు తమ్మీ, ఇల్లు నిలవెట్టేది బయటికెల్లి వొచ్చిన ఆడిపిల్లనే" అంది అక్క, బావ వైపు చూస్తూ. బావ గోడ వైపు చూస్తున్నాడు.

అసలు గదిలోకి పోయాక మొదట కళ్లు కనపడవు, తర్వాత కనపడటం ఆగదు. నాలుగు వైపులా వాన్ గో. ‘ఆలుగడ్డలు తినేవాళ్లు’ వచ్చింది. 1885లో వేసిన బొమ్మ, దీపం కింద ఐదుగురు రైతు మనుషులు రాత్రి తిండి తింటుంటారు. ఏ చేతులతో భూమి తవ్వారో ఆ చేతులే గిన్నెలోకి పోతున్నాయని చూపడానికి ఆయన చలికాలమంతా పల్లె మొహాలు పదులకొద్దీ గీసి సాధన చేశాడు. అసలు బొమ్మ ఎత్తు మూడడుగుల లోపే. ఇక్కడ ఒక్కో ముక్కే మూడడుగులుంది. వెనక వయొలిన్లు వెక్కి వెక్కి ఏడుస్తున్నాయి. పేదవాళ్లు అన్నం తింటుంటే ఏడవాల్సిన అవసరం ఏముందో నాకు అర్థం కాలేదు. పస్తులుంటే ఏడవాలి గానీ.

"గింత పెద్దగున్నోళ్లకు గా ఆలుగడ్డలు యాడ సరిపోతయి?" అని అక్క సందేహం.

తర్వాత గోడలు పసుపుపచ్చగా మారాయి. పొద్దుతిరుగుడు పూలు. ఇవి 1888 ఆగస్టులో, ఆర్ల్ అనే ఊళ్లో, స్నేహితుడు గోగాఁ వస్తున్నాడని అతని గది అలంకరించడానికి వేసినవి. ఆ స్నేహం చెవి కోసుకునేదాకా పోయింది, అది అందరికీ తెలిసిన కథే, వదిలేద్దాం. బావ మాత్రం సరాసరి గోడ దగ్గరికి నడిచి, పువ్వు మీద అరచెయ్యి ఆనించాడు. పువ్వు గోడ మీది నుంచి జారి ఆయన చేతి మీద పడింది. చెయ్యి తిప్పాడు, వేళ్ల మీద రేకులు. అంతలో పని కుర్రాడు పరుగెత్తుకొచ్చి, "అంకుల్, గోడ ముట్టుకోవద్దు" అన్నాడు.

"ఎందుకు బిడ్డా, రంగు పచ్చిగున్నదా?" అన్నాడు బావ.

కుర్రాడికి జవాబు దొరకలేదు. బావ అక్కణ్నుంచి గోడ వెంబడే నడుచుకుంటూ పోయి, ఒక పువ్వు నడిమధ్య వేలు చూపించాడు. "అగో, అతుకు." రెండు ప్రొజెక్టర్ల వెలుగు ఒకదాని మీద ఒకటి ఎక్కే చోటు అది. అంచులు కనపడకుండా రెండిటి వెలుగునూ అక్కడ పలచన చేస్తారు, అయినా కాస్త తేడా మిగిలింది. గదిలో అంతమంది ఉన్నా ఆ అతుకు పట్టుకున్నది బావే. సంతోషం పట్టలేక మరో మూడు అతుకులు వెతికి పెట్టాడు.

పసుపు గురించి ఆయనకు తెలియనిది లేదు. బోర్డులకు క్రోమ్ ఎల్లో వాడితే ఎండకు కొన్నాళ్లకే కళ తప్పుతుందని, మళ్లీ వేయించుకోమని దుకాణాల వాళ్లకు చెప్పి అలా కూడా నాలుగు పైసలు సంపాదించాడు. వాన్ గో గొట్టాల్లో ఉన్నదీ క్రోమ్ ఎల్లోయే. వెలుతురుకు అందులోని క్రోమియం మారిపోయి పసుపు గోధుమరంగుకు తిరుగుతుందని శాస్త్రవేత్తలు 2011లో ఎక్స్‌రేలతో తేల్చారు. అందుకే మ్యూజియంలలో ఆ బొమ్మలను మసక వెలుతురులో పెడతారు. ఈ గోడ మీద మాత్రం ఆ పసుపుకు ముసలితనం లేదు. స్విచ్ వేసినంతసేపూ కొత్తదే.

"మరి నలుపెట్ల ఏసిండ్రు?" అని అడిగాడు బావ. వేయలేదు. ప్రొజెక్టరు నలుపును వేయలేదు. వెలుగు పడని చోటే నలుపు. అప్పుడే గోధుమ చేను మీద కాకులు లేచాయి, స్పీకర్లలో కావుకావు గోల. కాకి ఉన్నచోట ఏమీ లేదని, వెలుగుకు పడ్డ కంతలే కాకులని మేనకోడలు వివరించింది. బావకు అది చాలా నచ్చింది. నలుపు డబ్బా ఖర్చు మిగిలిందన్నమాట. అక్క బాధ వేరు: "అంత పంటకు మంచె లేదు, వడిసెల లేదు, పిట్టలు తోలేటోడు ఒక్కడు లేడు."

ఇక జనం. అచ్చంపేట దగ్గర్లోని మన్ననూరు మీదుగా ఫరహాబాద్ అడవి సఫారీకి పట్నం నుంచి కార్లు వేసుకుని వస్తారు. పులి కనపడదు. పులి బొమ్మ ఎక్కడుంటే అక్కడ నిలబడి ఫోటో దిగి, పులిని చూసొచ్చిన మొహంతో ఇంటికి పోతారు. ఇక్కడా అదే తంతు. ప్రతి ఒక్కరూ బొమ్మకు వీపు పెట్టి నిలబడ్డారు. ఒకమ్మాయి చెంప మీద పొద్దుతిరుగుడు సరిగ్గా పడేదాకా స్నేహితుడు ఆమెను ఎడమకు జరిపాడు, కుడికి జరిపాడు, గడ్డం ఎత్తమన్నాడు. ఈలోగా పువ్వు మారి బూట్ల జత వచ్చింది. బూట్లు కూడా వాన్ గో వేసినవే, మంచి బొమ్మ. ఆమెకు చెంప మీద బూట్లు నచ్చలేదు.

ఆఖరున నక్షత్రాల రాత్రి. 1889 జూన్‌లో, మానసిక చికిత్సాలయంలో ఉండగా, తెల్లవారుజామున కటకటాల కిటికీలోంచి చూసిన ఆకాశాన్ని పగలు గుర్తుచేసుకుంటూ వేశాడు. అసలు బొమ్మ న్యూయార్క్‌లో ఉంది, 74 సెంటీమీటర్ల ఎత్తు, 92 వెడల్పు. ఇక్కడ అది పైకప్పు దాకా లేచి, సుడులు తిరగడం మొదలుపెట్టింది. నేల మీద నక్షత్రాలు దొర్లుతున్నాయి. నడక సరిగా రాని ఒక పిల్లవాడు ఒక్కో నక్షత్రం మీద కాలు వేయడం, అది తప్పించుకోగానే కోపంగా తల్లిని చూడటం. మొత్తం ప్రదర్శనలో టికెట్టు డబ్బులు గిట్టుబాటు చేసుకున్నది వాడొక్కడే. వాడికి టికెట్టు లేదు.

నాకు తల తిరిగి గోడకు ఆనుకున్నాను. బావ అప్పటికే బీన్ బ్యాగు అనే మూటలో కూర్చుని, అంటే దిగబడి, ఆకాశం చూస్తున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. బొమ్మను గోడంత చేస్తే ఒక మేలుంది, బ్రష్షు ఎక్కడ ఆనింది, ఎక్కడ లేచింది విడివిడిగా తెలుస్తుంది. బావ వేలు గాల్లో ఆ గీతల వెంట పోతోంది.

"ఈయన ఆగలే, బామ్మర్దీ. కింది రంగు ఆరకముందే మీదికెల్లి కొట్టిండు. చెయ్యి వణకలే." కాసేపాగి, "అది ఎట్లనో తిరుగుతనే ఉన్నది గదా, మళ్ల వీళ్లు తిప్పుడేంది?" అన్నాడు.

వాన్ గో మీద ఇంగ్లిషులో లావుపాటి పుస్తకాలున్నాయి. ఈ ప్రదర్శనల గురించి నాకు బావ మాటకంటే సూటి మాట ఎక్కడా దొరకలేదు. కదలని రంగుతో ఆకాశాన్ని కదిలించడమే ఆ మనిషి గొప్ప. దాన్ని మోటారు పెట్టినట్టు తిప్పితే మిగిలేది తిరిగే ఆకాశమే, అది సినిమావాళ్లు ఎప్పటినుంచో చేస్తున్న పని. ఆపైన ఆయన రంగు దళసరిగా గడ్డకట్టి ఉంటుంది, పక్కనుంచి వెలుతురు పడితే దానికి నీడ కూడా ఉంటుంది. గోడ మీది వెలుగుకు మందం ఎక్కడిది?

బావను ఆ మూటలోంచి లేపడానికి నేనూ, మేనకోడలూ, ఇందాక గోడ ముట్టుకోవద్దన్న కుర్రాడూ కలిసి లాగాల్సి వచ్చింది.

బయట దుకాణంలో వాన్ గో మగ్గులు, గొడుగులు, సంచులు. దాటుకుని హోటల్లో చాయ్‌కి కూర్చున్నాం. బావ పెన్ను అడిగాడు. బోర్డులు రాసేవాళ్ల లెక్క స్క్వేర్ ఫీటుకే. వాన్ గో బతికుండగా అమ్ముడుపోయినట్టు గట్టిగా తెలిసిన బొమ్మ ‘ఎర్ర ద్రాక్షతోట’. 1890లో బ్రస్సెల్స్ ప్రదర్శనలో అన్నా బోక్ అనే చిత్రకారిణి 400 ఫ్రాంకులకు కొంది. ఏడున్నర చదరపు అడుగులు. బావ లెక్క ప్రకారం ఫీటుకు 53 ఫ్రాంకులు. "పాపం, రంగు ఖర్చు పోతే ఏం మిగిలె?"

మరి బాగా ఎక్కువకు పోయినవాటిలో ఒకటి చెప్పమన్నాడు. డాక్టర్ గాషే బొమ్మ. 1990లో న్యూయార్క్ వేలంలో జపాన్ కాగితం వ్యాపారి ఒకాయన 8 కోట్ల 25 లక్షల డాలర్లకు పాడాడు. కొలత నాలుగు చదరపు అడుగులు, అంతే. బావ రెండుసార్లు భాగించాడు. ఫీటుకు రెండు కోట్ల డాలర్లు. పెన్ను కింద పెట్టాడు.

"గండ్ల ఆయనకెంత అడ్వాన్సిచ్చిండ్రు?"

"ఆయన పోయి అప్పటికి వందేళ్లు బావా."

"అయితే మొత్తం బాకీనే అన్నట్టు" అన్నాడు, తన బాకీలు ఏవో గుర్తొచ్చిన మొహంతో.

ఈ గదుల వ్యాపారమూ అనుకున్నంత తేలిక కాదు. అమెరికా నగరాల్లో వాన్ గో గదులు పెట్టి జనాన్ని విరగబడి రప్పించిన కెనడా కంపెనీ ఒకటి 2023లో దివాలా కాగితాలు దాఖలు చేసింది. బొమ్మకు పైసా కట్టనక్కర్లేకపోయినా, గోడకు అద్దె కట్టాలి, ప్రొజెక్టరుకు కరెంటు కట్టాలి. రంగు డబ్బాలే నయమని బావ అంటే కాదనలేం.

కాబట్టి మీ ఊరికి దగ్గర్లోకి వస్తే పోండి. పిల్లలుంటే తప్పకుండా పోండి, నక్షత్రాల మీద తొక్కనివ్వండి. వారం మధ్యలో పోతే జనం తక్కువ. ఆట అయిపోగానే మళ్లీ మొదటినుంచి వస్తుంది, ఎవరూ లేపకపోతే రెండోసారి ఫోన్ జేబులో పెట్టి చూడండి. నలభై దాటినవాళ్లు కుర్చీ అడిగి వేయించుకోండి, ఆ మూటల జోలికి పోకండి. మగ్గు కొనకండి. వాన్ గో ఉత్తరాలు 800 పైచిలుకు మిగిలాయి, ఎక్కువ భాగం తమ్ముడికి రాసినవే, ఏ బొమ్మ ఎందుకు వేశాడో ఆయనే చెప్పాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఆయన మ్యూజియం వాటన్నిటినీ ఇంగ్లిషులో ఇంటర్నెట్‌లో పెట్టింది. చదవడానికి టికెట్టు లేదు, పల్లీలు తింటూ చదువుకోవచ్చు.