దోటి స్వీయచరిత్ర

ఆత్మకథ వ్రాసికొను అధికారము ప్రభువులకును కవులకును మాత్రమే కలదని తలచు పాఠకులు, బొమ్మరాజు వంశీయుల రాజధానియై, సారంగపాణి పదములకు పుట్టినిల్లై, వేణుగోపాలస్వామి కోవెలతోడను స్కందపుష్కరిణితోడను పేరుగాంచిన కార్వేటినగరమునుండి ఒక దోటి నోరు విప్పుట చూచి నవ్వవచ్చును. నవ్వుదురుగాక. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టముతో జమీందారీ పోయినది; మేకకు ఆకు కావలెనన్న అవసరము మాత్రము పోలేదు గనుక నేనును పోలేదు.

నా దేహము పండ్రెండడుగుల వెదురు. కొండ దిగువ చేనిగట్టున పెరిగిన పొదనుండి, లోపల బోలు తక్కువగల సాధనపు వెదురును ఏరి, నిప్పుసెగపై కాచి, కణుపు కణుపునకును వంపు తీసి, ఆముదము రాచి నీడలో ఆరబెట్టిరి. నా శిరమో, పాత లారీ కమాను పట్టీ. కమ్మరి దానిని కొలిమిలో ఎఱ్ఱగా కాచి, కొడవలివలె వంచి, పదును పెట్టి, ఇనుప పొన్నుతో నా కొనకు బిగించెను. ఇట్టి సంకరజన్మమునకు నేనెన్నడును సిగ్గుపడలేదు; పనిముట్ల లోకమున వంశశుద్ధిని విచారించువారు లేరు.

నా జాతిపై మోపబడిన నేరము పెద్దది. మేకయు దోటియు కూడిన చోట అడవి నిలువదని చదువుకొన్నవారు తరచుగా అందురు. ఆ మాట వట్టి అబద్ధమని నేను వాదింపజాలను. మదనపల్లె దాపున ఋషివ్యాలీ పాఠశాలవారు బోడికొండలకు మేకలను రానీయక, చెట్లు నాటి, ఏండ్లతరబడి కాచుకొనగా ఆ లోయ మరల పచ్చబడి పక్షులకు నెలవైనదని విన్నప్పుడు, నా కొక్కెము కొంత వాలిపోయినమాట నిజము. అయినను మేపువాడు అడవికి పుట్టుశత్రువన్న తీర్పును నేనొప్పుకొనను. పదుమూడవ శతాబ్దిలో కాటమరాజు కరవుకు తాళలేక ఆలమందలను నెల్లూరిసీమకు తోలుకొనివచ్చి, నల్లసిద్ధితో మేతకై చేసికొన్న ఒడంబడిక చెడిపోగా జరిగిన పోరులో ఖడ్గతిక్కన వంటి వీరుడు కూలెనని గొల్లలు నేటికిని పాడుకొందురు. 1882 నాటి మద్రాసు అటవీచట్టము వచ్చిన పిదప, 1922లో పలనాటి కన్నెగంటి హనుమంతు పుల్లరి కట్టనని నిలిచి తుపాకిగుండ్లకు బలియయ్యెను. మేతకు ఎవరు పన్ను గట్టవలెను, ఎవరు గైకొనవలెను అన్నదానికై ఇంత నెత్తురు చిందినది గాని, ఎంత మేపవలెను, ఎంత మిగుల్పవలెను అన్నది చేతిపనిగా ఎవరు ఎవరికి నేర్పవలెనో అడిగినవారు అరుదు. 1992 నుండి వనసంరక్షణ సమితులు వెలసిన మీదట ఆ ప్రశ్న కొంత వినబడుచున్నది. నాకు తెలిసిన సమాధానము మాత్రము సమితి గదిలో గాక, చెట్టుక్రింద నేర్చుకొన్నది.

నన్ను చేయించిన గొల్లతాతయొద్దకు, శ్రీసిటీలో ఒక కర్మాగారమున పనిచేసి విసిగిన యువకుడొకడు, మనుమని వరుసవాడు, జీవాల పెంపకము నేర్చుకొందునని వచ్చెను. వాని జేబులో ఫోనున్నది, ఫోనులో లెక్కలున్నవి. జాతీయ పశుసంపద మిషన్‌కు 2021లో చేసిన మార్పుల ప్రకారము నూరు ఆడుజీవాలును ఐదు పోతులును గల యూనిటుకు, పెట్టుబడిలో సగము, పది లక్షలకు మించకుండ రాయితీ దొరకునట. అయిదువందల ఇరువదియైదింటికి యాబది లక్షల వరకునట. వాడు చెప్పినదంతయు తాత కడదాక విని, నన్ను గోడకు చేర్చియుంచిన తావునుండి తీసి వాని చేతికిచ్చెను.

"ముందు దీన్ని పట్టుకోరా అబ్బోడా. లెక్క యాడికీ పోదు."

మొదటినాడే వాడు నన్ను ఒక దిరిసెనచెట్టు మణికట్టంత కొమ్మకు తగిలించి, బలము చూపదలచి ఒక్క ఊపున లాగెను. కొమ్మ సగము తెగి, తక్కిన సగము చీలి, మానుపట్టను జానెడు మేర ఒలుచుకొనుచు క్రిందికి వ్రేలాడెను. మేకలు సంతోషముతో ఎగబడినవి. తాత మాత్రము పలుకలేదు. ఒలిచిన తావున ఇంత పేడయు బంకమన్నును కలిపి మెత్తి, చేతులు తుడుచుకొని, అటుపిమ్మట మెల్లగా చెప్పెను.

"సిటికెనేలంత లావు దాటితే దోటి పెట్టొద్దు. తలకొమ్మ జోలికి పోవద్దు. ఒక్కపక్కే గీకొద్దు. ఈ చెట్టు మీ అబ్బకాలంలోనూ మేపింది, నీ కొడుకు కాలంలోనూ మేపాల."

"మరి మేకలకు చాలద్దా తాతా?"

"చాలకపోతే ఇంకో చెట్టు చూడు. అదీ లేకపోతే మేకల్ని తగ్గించు."

పట్టుటయందును రహస్యము కలదు. కొక్కెమును రెమ్మ మొదటగాక గణుపునకు ఆవల నిలిపి, బరువు నాపైననే వదలి, మణికట్టుతో చిన్నగా గుంజవలెను. భుజబలమును వాడినవాడు రెమ్మను గాక కొమ్మను దెచ్చును. తెగు రెమ్మకు సూటిగా క్రింద నిలువరాదు. పైకెత్తుటకు ముందు కందిరీగపట్టు కలదేమో, అంతకంటె ముఖ్యముగా కరెంటు తీగ కలదేమో చూడవలెను. పచ్చివెదురును తడిసిన వెదురును నమ్మి ప్రాణము బోగొట్టుకొన్న కాపరులు కలరు. ఇవి నెలల తరబడి నా ఒంటిమీద వాని అరచేతి చెమట ఇంకినపిదపగాని వానికి పట్టువడలేదు.

తరువాత వాడు తిరుపతికి శిక్షణతరగతులకు పోయెను. 1955లో అచ్చట వెలసిన పశువైద్య కళాశాల నేడు 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయములో అంగము. అక్కడ నేర్చినది తాతకు వినిపింపగా, ఇద్దరిమధ్య నేను నిరీక్షించిన కలహము జరుగలేదు. మంచు ఆరకమునుపు మందను తోలరాదని తాత ఏండ్లుగా చెప్పుచుండెను. ఏల యని అడిగిన, "తోలరాదు, అంతే" యనువాడు. వాడు వచ్చి, నట్టల పిల్లపురుగులు మంచుతడి పట్టి గడ్డికొనలకు ప్రాకుననియు, ఎండ పొడసూపి తడి ఆరగనే మొదళ్లకు దిగుననియు చెప్పగా, తాత తనకు చిరకాలముగా రావలసిన బాకీ చేతికందినట్లు తల యాడించెను. తొలకరి లేతగడ్డి ఆశగా మేసిన గొఱ్ఱె చిటుకురోగముతో తెల్లవారుసరికి పడిపోవుననుట తాతకు తెలియును. దానికి వానలకు ముందే టీకా వేయింపవలెననుట వాడు నేర్చుకొని వచ్చెను. నట్టలమందు త్రాగించునపుడు మోర మీదికెత్తి పట్టినచో మందు ఊపిరితిత్తులలోనికి జారునని వాడు చెప్పిన మాత్రమున చాలదు గనుక, తాత ఒక గొఱ్ఱెను కాళ్ళనడుమ నిలిపి, బుగ్గమూలను వ్రేలు దూర్చి, మూతిని నేలకు సమముగ నుంచి, గుటక పడుట చూచి మరికొంచెము వదలుట ఎట్లో ఇరువదిమారులు చేయించెను. పుస్తకములో ఒక వాక్యమైనది చేతిలో ఒక మధ్యాహ్నమగును.

నేల విషయమున తాత పట్టు మరింత గట్టిది. మేకలు నల్లతుమ్మకాయలు తిని వేసిన పెంటికలలో విత్తులు మొలచును. ఆ పెంటికలను బీటలువారిన గట్లపై చల్లించువాడు. అదే కడుపు సర్కారుతుమ్మ విత్తులను కూడ అంతే శ్రద్ధతో ఊరెల్ల వెదజల్లును గనుక, ఆ కాయలు పండు దినములలో మందను వంక ప్రక్కకు పోనీయడు. మేక అడవిని తినునన్నవారు మేక అడవిని విత్తుననియు తెలిసికొనవలెను. ఏ అడవిని విత్తవలెనో నిర్ణయించువాడు కాపరి. యువకుడు తెచ్చిన స్టైలో అను మేతపైరు విత్తనమును వేడినీట కొంతసేపుంచి పైపొర మెత్తబరచి, తొలకరికి బీడున చల్లిరి. ఆ బీటిలోనికి ఆ యేడు మందను రానీయలేదు. ఇరుగుపొరుగువారి మేకలను ఆపుట మాత్రము నా వలన గాని, ఏ చట్టము వలన గాని కాలేదు, తాత కేకల వలన కొంత అయినది.

తోతాపురి కోతలు ముగిసిన మీదట మామిడితోటలవారు మంద కట్టించుకొనుటకు కబురు పంపుదురు. రాత్రి ఒక చోట, మరునాటి రాత్రి దాని ప్రక్క చోట, తడికలు జరుపుకొనుచు తోటయంతయు త్రిప్పవలెను. పెంటికలు ఎండి సారము గాలికి పోకమునుపే రైతు దున్నుకొనవలెను. గొఱ్ఱె గడ్డిని మేసి నేలకు బాకీ తీర్చుటలో ఇంతకంటె నిక్కమైన పద్దు నేనెరుగను. అయితే తోటలో నాకు పని లేదు. మామిడి కొమ్మపై దోటి పడిన, మరుసటి యేడు తోటవాడు పిలువడు. అందువలన ఆ దినములలో నన్ను బండికి కట్టివేయుదురు. విశ్రాంతి అనుకొనుడు, అనుమానము అనుకొనుడు.

యువకుడు ఇరువది ఆడుజీవాలతోను ఒక పొట్టేలుతోను మొదలుపెట్టెను. నూరింటి దరఖాస్తు ఇంకను వాని ఫోనులోనే యున్నది. ఇప్పుడు వానియొద్దకే పాలసముద్రము ప్రక్కనుండి పొదుపుసంఘపు స్త్రీలిద్దరు నేర్చుకొనుటకు వచ్చుచున్నారు. ఒకామెకు నా నిడివి సరిపోయినది. రెండవామె పొట్టి, నేను ఎత్తినంతసేపు ఆమె కాలిమునివ్రేళ్ళపై తూలును. దోటిని రెండడుగులు కోయుదమా యని యువకుడనగా, తాత కోపగించెను.

"దీన్నెందుకురా కోసేది? పాపకు వేరే కఱ్ఱ చూద్దాం. ఇప్పుడు నరికితే పురుగు పడతాది. కార్తీకం పోనీ, ముదురుగెడ ఏరి కొట్టుకొస్తాం."

అంతవరకు ఆమె నా నడుమున పట్టుకొని పొట్టిరేగుచెట్లపై అభ్యసించుచున్నది. నిన్న చిటికెనవ్రేలికి మించిన రెమ్మ ఒకటి నా కొక్కెమునకు చిక్కగా, యువకుడు ఏమియు అనకమునుపే ఆమె నన్ను వెనుకకు తీసి, వేరొక రెమ్మను వెదకెను.