డెమో బాబాయి

మా బాబాయి ఇంతవరకు ఓ నలభై కోర్సుల్లో చేరబోయాడు. చేరలేదు. ఇలాంటాయన మీ అపార్ట్‌మెంట్లోనూ ఒకరు ఉండే ఉంటారు. లిఫ్టులో ఎవరైనా పొరపాటున "ఆన్‌లైన్ కోర్సు" అన్నారంటే చాలు, తన అంతస్తు వచ్చినా దిగకుండా, "ఆగు, ముందు సిలబస్ చూడనీ" అంటాడు.

ఈ విద్య ఆయనకి అమీర్‌పేటలో అబ్బింది. 1999లో వైటూకే పేరు చెప్పి ఊరంతా కోబాల్ వెంట పడ్డ రోజులవి. అప్పుడు బాబాయి ఓ ఆఫీసులో టైపిస్టు. సాయంత్రం పని ముగించుకుని మైత్రీవనం దగ్గర బస్సు దిగేవాడు. ఏ కరపత్రం మీద "ఫ్రీ డెమో" అని ఉంటే ఆ మెట్లెక్కేవాడు. రెండు రోజులు ముందు బెంచీలో కూర్చుని శ్రద్ధగా రాసుకునేవాడు. మూడో రోజు ఫీజు మాట రాగానే నోటుబుక్కు మూసి పక్క మేడ మెట్లెక్కేవాడు. కోబాల్ అయ్యాక ఒరాకిల్, ఆ తర్వాత జావా, ఆ తర్వాత శాప్. అందుకే ఏ సబ్జెక్టులోనైనా మొదటి పాఠం వరకు బాబాయిని కొట్టేవాడు లేడు. రెండో పాఠం సంగతి ఆయన్ని అడగడం మర్యాద కాదు.

ఇప్పుడు రిటైరయ్యాడు. అమీర్‌పేట మొత్తం ఫోన్‌లోకి వచ్చేసింది. మోకాళ్ళ నొప్పులు లేకుండా రోజుకి నాలుగు డెమోలు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఆయన అడిగే ప్రశ్నలకి వంక పెట్టలేం. పై అంతస్తు వాళ్ళబ్బాయి ఇంట్లో కూర్చునే బీటెక్ అయిపోయే దారి ఒకటి పట్టుకొచ్చాడు. బాబాయి కరపత్రం తిరగేసి కూడా చూడలేదు. "ఇంజినీరింగు, నర్సింగు, ఫార్మసీ లాంటివి దూరవిద్యలో కుదరవు నాయనా, యూజీసీ ఒప్పుకోదు. ఇంక ఇందులో చూసేదేముంది?" అన్నాడు. బీఏ, ఎంబీఏ లాంటివైతే యూజీసీ దూరవిద్యా విభాగం జాబితా తెరుస్తాడు. అందులో యూనివర్సిటీ పేరు కనబడితే చాలదట. మనం చేరే కోర్సు పేరూ, చేరే ఏడాదీ కూడా అందులో ఉండాలట. అవి ఉంటే ఆ డిగ్రీ కాలేజీకి వెళ్ళి చదివినదానితో సమానమేనని 2022లో యూజీసీయే చెప్పింది.

రేటింగుల్లో ఐదు చుక్కలు పట్టించుకోడు. "అవి డబ్బు కట్టిన రోజు సంతోషంలో ఇచ్చినవిరా. కట్టిన డబ్బు దండగని ఎవడు ఒప్పుకుంటాడు?" అంటాడు. మూడు చుక్కలవాళ్ళు రాసింది మాత్రం పెళ్ళి సంబంధం కబురు చదివినట్టు రెండుసార్లు చదువుతాడు. "100 శాతం ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్" అన్న మాట కనబడితే ఆయనకి ఆ రోజు పండగే. "అసిస్టెన్స్ అంటే బస్సెక్కిస్తామని కాదురా, బస్టాండు ఎటో చూపిస్తామని."

అసలు చూడాల్సింది ఆయన కౌన్సెలర్లతో మాట్లాడేటప్పుడు. ఒకరోజు నేను అక్కడే ఉన్నాను. ఫోన్ స్పీకర్లో పెట్టాడు.

"సర్, మీకు 40 శాతం స్కాలర్‌షిప్ వచ్చింది. ఈ రాత్రి 12 లోపు కడితేనే."

"నేను పరీక్షేమీ రాయలేదు కదమ్మా, స్కాలర్‌షిప్ దేనికి?"

"మీ ప్రొఫైల్ చూసి ఇచ్చాం సర్."

"నాకు అరవై దాటాయని అందులో ఉందా?"

అవతల కాసేపు చప్పుడు లేదు. బాబాయి పడక్కుర్చీలో వెనక్కి వాలాడు. ఇక మొదలు. "నెలనెలా కట్టమన్నారు కదా, ఆ అప్పు మీదా, బయటి ఫైనాన్స్ కంపెనీదా? రెండో నెలలో నేను మానేస్తే మీ పాఠం ఆగుతుంది సరే, వాళ్ళ కిస్తీ ఆగుతుందా? పాఠాలు అప్పటికప్పుడు చెప్తారా, ఎప్పుడో తీసిన వీడియోలా? అర్ధరాత్రి నాకు అనుమానమొస్తే ఎవరు తీరుస్తారు, మనిషా, మరబొమ్మా?"

ఆ అమ్మాయి కనుక్కుని చెప్తానంది. కనుక్కుంది కూడా, పాపం. నలభై నిమిషాలయ్యాక గొంతు బాగా తగ్గించి, "అంకుల్, నేనూ ఎంబీఏ చేద్దామనుకుంటున్నా. ఏది మంచిదంటారు?" అంది. అప్పట్నుంచి వారానికోసారి ఫోన్ చేస్తోంది. పిన్ని ఆ అమ్మాయికి సంబంధాలు కూడా చూస్తోంది.

మరి ఇంత తెలిసినాయన ఏదీ పూర్తి చేయలేదా అంటే, ఒకటి చేశాడు. ఇంటర్ లెక్కల్లో బోల్తాపడి, ఇక చదువు లేదనుకున్నవాడు 1986లో ఎంట్రన్సు రాసి ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బీఏలో చేరాడు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అది, 1982లో పెట్టారు. ఇప్పుడు అంబేడ్కర్ పేరుతో ఉంది. ఆదివారం ఆదివారం స్టడీ సెంటరుకి వెళ్ళి, పుస్తకాలకి అట్టలు వేసుకుని, మూడేళ్ళూ బుద్ధిగా చదివి పాసయ్యాడు. ఆ డిగ్రీతోనే ప్రమోషనూ వచ్చింది. "అప్పుడు సిలబస్ చూశావా బాబాయ్?" అని అడిగితే వింతగా చూశాడు. "ఉన్నది అదొక్కటే కదరా! దేంతో పోల్చను?"

ఆ మధ్య నేను కేంద్ర ప్రభుత్వం వాళ్ళ స్వయం పోర్టల్లో 12 వారాల పైథాన్ కోర్సు ఒకటి చూసి, బుద్ధి గడ్డి తిని ఆయన్ని సలహా అడిగాను. పాఠాలకి డబ్బు లేదు. సర్టిఫికెట్టు కావాలంటే వెయ్యి రూపాయలు కట్టి, సెంటరుకి వెళ్ళి పరీక్ష రాయాలి. అసైన్‌మెంట్లకి 25, పరీక్షకి 75 మార్కులు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి రాయిస్తారన్న ముక్క బాబాయికి బాగా నచ్చింది. "పరిశీలిస్తా" అని దస్త్రం తెరిచాడు. నాకు ఆయన పరిశీలన సంగతి తెలుసు గనక, మూడో రోజు చెప్పకుండా చేరిపోయాను.

నిన్న పట్టుబడ్డాను. ఫోన్‌లో పాఠం నడుస్తుండగా వెనకనుంచి వచ్చి నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "ఎన్నో వారం?" అన్నాడు మెల్లిగా.

"ఐదు."

"ఐదో వారమా!" అని కుర్చీ లాక్కున్నాడు. "ఐదో వారంలో ఏం చెప్తార్రా?"

ఇరవై నిమిషాల వీడియో కన్నార్పకుండా చూశాడు. మధ్యలో పిన్ని టీ తెచ్చి పెడితే చల్లారిపోయింది. అయ్యాక కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకుని, "సిలబస్‌లో రాసిందే చెప్తున్నాడు. పర్లేదు, చేరొచ్చు" అన్నాడు.

నేను చేరి అప్పటికి 31 రోజులు.