లోకల్

ఇల్లు పెదకాకానిలో, చదువు నాగార్జునా యూనివర్సిటీలో. గుంటూరు–విజయవాడ రోడ్డు మీద షేర్ ఆటో ఎక్కి, జేబులో చిల్లర వెతుక్కునేలోపు దిగిపోయేంత దూరం. అక్కడే వచ్చింది తంటా. "కూతవేటు దూరానికి హాస్టలెందుకురా?" అని వాళ్ల నాన్న మొదటిరోజే కొట్టిపారేశాడు. అప్పట్నుంచి మనవాడికి క్యాంపస్‌లో ఒకటే పేరు: లోకల్.

మాచర్ల నుంచో మార్కాపురం నుంచో పెట్టె మోసుకొచ్చినవాడు వారం తిరక్కుండా "మా క్యాంపస్" అనేస్తాడు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఆ గేటు చూస్తున్నవాడు మాత్రం సాయంత్రమైతే లేచి వెళ్లాల్సిన చుట్టం! అందుకే లోకల్ బ్యాగులో పుస్తకం ఉన్నా లేకపోయినా లుంగీ, టవలు, బ్రష్షు ఉంటాయి. కల్లంలో మిరపకాయలు ఆరబోయడానికి రమ్మని ఇంటినుంచి ఫోనొస్తే, ఇంటర్నల్స్ ఉన్నాయంటాడు. ఏడాది పొడుగునా ఉంటాయి.

కొత్త బ్యాచ్ దిగితే క్యాంపస్ తిప్పి చూపించేది అతనే. "1967లో నల్లపాడులో మొదలయ్యాం. అప్పుడు ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటరులే. 1976లో సొంత యూనివర్సిటీ అయ్యాం. 2004లో పేరు ముందు ఆచార్య పెట్టుకున్నాం." వేరుకాపురం పెట్టిన సంగతి పెద్దకోడలు చెప్పినట్టుంటుంది. 2004కి మనవాడింకా నిక్కరు కూడా తొడగలేదు.

ఇక మెస్సులో. గెస్టుగా కూర్చుంటాడు, గరిటెడు పోయించుకుంటాడు, "ఏంది మామా ఈ సాంబారు! మన మెస్సు చెడిపోయింది" అంటాడు. నేను పక్కనే ఉన్నాను. మునక్కాడ ముక్కలు తేలుతున్నాయి, ఇంగువ ఘుమఘుమలాడుతోంది. డబ్బు కట్టినవాళ్లు మారు వడ్డించుకుంటున్నారు. కానీ బాగుందంటే చుట్టమైపోడూ? తిట్టాలి, తిడితేనే ఇంటివాడు.

ఎవరైనా కొత్త బండి కొంటే మాత్రం లోకల్‌కి పట్టాభిషేకమే. వాహన పూజంటే పెదకాకాని మల్లేశ్వరస్వామి గుడి, గుడంటే లోకల్. ఏనాడూ పలకరించని రీసెర్చి స్కాలర్లు కూడా "బావా" అంటారు. దండ అతనే బేరమాడతాడు, హ్యాండిలుకి అతనే కడతాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, మోకాళ్ల మీద వంగి, "రానీ... రానీ... ఇంకొంచెం... ఆఁ, నలిగింది!" రసమంతా అతని ప్యాంటు మీదే. కొబ్బరిచిప్ప చేతిలో పెట్టించుకుని బండి ఎక్కబోతుంటే, అప్పటికే వెనక ఒకడు కూర్చున్నాడు.

"నువ్వెటూ లోకలేగా మామా, ఇంటికెళ్లిపో" అన్నాడు బండి కొన్నవాడు.

కొబ్బరిచిప్ప కొరుక్కుంటూ షేర్ ఆటోలో క్యాంపస్‌కే వెళ్లాడు.

సంక్రాంతికి హాస్టల్ ఖాళీ అయింది. గత్యంతరం లేక ఇంట్లో కంచం ముందు కూర్చున్నాడు. వాళ్లమ్మ సాంబారు పోసింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "మన మెస్సులో సాంబారే నయమే అమ్మా" అన్నాడు.

"అయితే మెస్సు తీసేదాకా ఆగు" అని ఆవిడ పెరుగు గిన్నె కూడా లోపలికి పట్టుకెళ్లిపోయింది.