నీలినీళ్ల సీసా ఆత్మకథ

నేను రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాని. సంక్రాంతికి వచ్చిన అల్లుడుగారి మర్యాదల్లో ఖాళీ అయిపోయాను. పాతసామాన్ల బండికి పోవాల్సినదాన్ని పిన్నిగారు ఆపేశారు. (కాకినాడలో మా వీధంతా ఆవిణ్ణి అలాగే పిలుస్తుంది, నేనూ అంతే.) నాలో నీళ్లు పోసి, నాలుగు చుక్కలు నీలిమందు కలిపి, పెరట్లో కొత్తిమీర మడి పక్కన నిలబెట్టారు. గుమ్మాల ముందు కుక్కలు రాకుండా పెడతారే, ఆ బాపతే నేనూ. కాకపోతే నా డ్యూటీ పిల్లుల మీద.

ఆ రాత్రే వచ్చింది బూడిదరంగు పిల్లి. నన్ను వాసన చూసి, నా ఒంటికి బుగ్గ రాసుకుంది. అలా రాయడమంటే తన వాసన అంటించి సొంతం చేసుకోవడం. ఆనక పక్కనే ముందుకాళ్లతో గుంట తీసి, పని కానిచ్చి, మట్టి కప్పి, వంగి వాసన చూసి, ఇంకాస్త కప్పి మరీ వెళ్లింది. ఎంత శుభ్రమో! పొద్దున్నకి మాత్రం అప్పుడే మొలిచిన కొత్తిమీర వేళ్లతో సహా పైన తేలింది.

"అమ్మాయ్, మీ పిల్లి మా మడిని దొడ్డి చేసేసిందే!" అని గోడ మీంచి కేకేశారు పిన్నిగారు.

"మాదెక్కడిదండీ! వస్తే కాసిని పాలు పోస్తానంతే."

మనవాళ్లందరి లెక్కా ఇదే. పాలు పోసేటప్పుడు మన పిల్లి, పెంట ఎత్తేటప్పుడు ఊరి పిల్లి. పిల్లి శాపాలకు ఉట్లు తెగవంటారు. పిన్నిగారి శాపాలకు పిల్లీ చలించలేదు.

కారప్పొడి చల్లారు, వానకి కొట్టుకుపోయింది. కలరా ఉండలు తెచ్చేసరికి పురిటికొచ్చిన కూతురు అడ్డుపడింది: "అమ్మా, అవి పిల్లికి విషం. మూగజీవానికి హాని చేస్తే 1960 నాటి చట్టం ప్రకారం నేరం." అంతకంటే పెద్ద మాట మరోటి చెప్పింది. పిల్లి పెంటలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండొచ్చు, కడుపులో బిడ్డకి ముప్పు. ఆకుకూర బాగా కడగాలి, కడుపుతో ఉన్నవాళ్లు ఆ మట్టిలో వట్టి చేతులు పెట్టకూడదు.

ఆ మాట విని పక్కింటావిడ మెత్తబడింది. తన పెరటి మూల పాత తొట్టిలో ఇసుక పోసింది. పిల్లుల పూర్వీకులు ఎడారి ప్రాంతపు అడవిపిల్లులు కదా, పొడి ఇసుక దొరికితే మడెందుకు? ఇటు పిన్నిగారు పెంట తీయించి, మొక్కల మధ్య రేగుకంప పరిచి, మట్టి తడారకుండా చూసుకున్నారు. ఆ తడి కోసమే నా అడుగు కోసి, మూతకి చిల్లు పెట్టి, తలకిందులుగా మడిలో పాతారు. ఇప్పుడు బొట్టుబొట్టుగా నీళ్లు వదులుతున్నాను. పిల్లి ఓసారి కాలు పెట్టి, తడి తగలగానే విదిలించుకుని, గోడ దూకి పోయింది.

నిన్న ఎదురింటావిడ వచ్చింది. "మీ నీలినీళ్లు భలే పనిచేశాయండీ పిన్నిగారూ!" అంది. పిన్నిగారు కాదనలేదు. సాయంత్రానికల్లా ఆవిడ గుమ్మంలో రెండు నీలిసీసాలు వెలిశాయి.