లెక్క తేల్చుకునే పద్ధతి

ముందు బజారుకెళ్లి పొడుగాటి పద్దుపుస్తకం ఒకటి కొనుక్కోండి. కిరాణా కొట్లో వాడే ఎర్ర అట్టదైతే మరీ మంచిది. ఫోనులో యాప్ ఉంటే ఉండనివ్వండి కానీ, పుస్తకం కళ్లెదుట వేలాడుతుంటే ఇంట్లోవాళ్లకు భయం ఉంటుంది. ఇల్లు గుల్లయ్యేది పెద్ద ఖర్చులవల్ల కాదు. పెళ్లికీ, చదువుకీ, ఇంటి అప్పుకీ ఎవరైనా లెక్క వేసుకునే దిగుతారు. లెక్కకు చిక్కకుండా జారిపోయేవి మూడున్నాయి: తీరిక దొరికితే చాలు చేతులు మొదలుపెట్టే పని, ఎప్పుడో ఒకసారి తగిలే చిల్లర అదృష్టం, చెప్పాపెట్టకుండా దిగే చుట్టం. మొదటిది పొద్దు తినేస్తుంది, రెండోది బుద్ధి తినేస్తుంది, మూడోది ఉప్మాతో మొదలుపెట్టి అన్నీ తినేస్తుంది. ఈ మూడింటివల్లా మనిషికి సంతోషం కలుగుతుందని చాలాకాలంగా ఒక పుకారు ఉంది. అది నిజమే అనుకున్నా, ఆ సంతోషం ఊరే చోటు తెలిస్తే పూడ్చడం పెద్ద పనేం కాదు. లెక్క ఎక్కడ తేలకుండా మిగిలిపోతుందో అక్కడ ఊరుతుంది. కాబట్టి తేల్చెయ్యండి.

ముగ్గుతో మొదలుపెట్టడం సులువు. ధనుర్మాసం పొడుగునా తెల్లవారకముందే లేచి, కళ్లాపి చల్లి, చుక్కలు పెట్టి, మెలికలు తిప్పే మనిషికి రోజుకో గంట పడుతుందనుకుందాం. నెలకు ముప్పై గంటలు. ఆ ముగ్గు పాలవాడి బండి వచ్చేదాకా మనది, ఆ తర్వాత చీమలదీ మోటారుసైకిళ్లదీ. అదే ప్లాస్టిక్ స్టిక్కరు ముగ్గు ఒక్కసారి అంటిస్తే ఏడాది పడుంటుంది, చీమలు ముట్టవు. ఇంత స్పష్టమైన లాభం కళ్లముందుండగా ఇంకా పిండి ఎందుకు పోస్తున్నారని అడగండి. అందంగా ఉంటుంది కదా అంటారు. నమ్మకండి. అందమే కావాలనుకున్న మనిషి దాన్ని కాపాడుకోవాలి, చుట్టూ కంచె కట్టాలి. ఈమె మర్నాడు పొద్దున తన చేత్తోనే చీపురు తీసుకుని నిన్నటి ముగ్గు ఊడ్చేస్తుంది, అదీ ఏమాత్రం బాధ లేకుండా. అంటే సరుకు మీద ఆమెకు మమకారం లేదు, ఉన్నదల్లా వేళ్లసందునుంచి పిండి జారే ఆ గంట మీదే. పద్దుపుస్తకంలో ఈ గంటకు గడి లేదు. గడి లేనిదాన్ని నష్టం కింద రాసుకోవడం మంచి గుమాస్తా లక్షణం.

బొమ్మల కొలువు దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. అక్కడ కొన్నదీ చేసిందీ కలిసిపోయి లెక్క గజిబిజి అవుతుంది. కొండపల్లి బొమ్మకు ధర ఉంది, ఉండాలి కూడా. తేలికైన తెల్లపొణికి కర్ర చెక్కి, కాళ్లూ చేతులూ విడిగా చేసి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి రంగులు వేసినవాడికి డబ్బు ముట్టాలి. చిక్కంతా ఆ బొమ్మ చుట్టూ ఇంట్లోవాళ్లు కట్టే ఊరితోనే. పళ్లెంలో మట్టిపోసి ఆవాలు చల్లి మొలిపించిన పొలం, పగిలిన అద్దంతో చెరువు, అగ్గిపెట్టెలతో రైలు. వారం ముందు ఆవాలు చల్లి, రోజూ నీళ్లు చిలకరించి, పేరంటం నాటికి బెత్తెడు పచ్చదనం తెప్పించడానికి ఎంతైందో రాయమంటే పిల్లలు తెల్లమొహం వేస్తారు. వచ్చే ఏడు నుంచి ప్లాస్టిక్ గడ్డి చాప కొనిపెట్టండి. ఎండదు, వాడదు, ఎంత పెరిగిందా అని పొద్దున్నే లేచి చూసే పనీ ఉండదు.

అదృష్టానికి మందు ఇంకా సులువు, ఎందుకంటే దానికి గణితశాస్త్రమే సాక్ష్యం చెబుతుంది. ఇంట్లో ఆడుకునే హౌసీ తీసుకోండి. ఒక్కో టిక్కెట్టు మీద మూడు వరసలు, వరసకు అయిదు చొప్పున 15 అంకెలు. పిలిచేవి 1 నుంచి 90 దాకా. ఇరవైమంది తలా 50 రూపాయలు వేస్తే వెయ్యి పోగవుతుంది. జల్దీ ఫైవ్‌కింత, ఒక్కో వరసకింత, ఫుల్ హౌస్‌కింత అని ఆ వెయ్యీ అక్కడే పంచేస్తారు. ఇరవైమందినీ కలిపి చూస్తే వచ్చిన లాభం సరిగ్గా సున్నా. ఇంటివాళ్లు పెట్టిన పకోడీలు కూడా కలిపితే సున్నాకు కిందే. అయినా చివరి అంకె పడ్డప్పుడు లేచే కేక వీధి చివరకు వినబడుతుంది. ఆ కేకను ఆర్పాలంటే గెలిచిన మనిషి భుజం తట్టి, ఇలాంటి గెలుపుల మీద ఆదాయపు పన్ను 30 శాతమని, మామూలు ఆదాయానికుండే మినహాయింపు పరిమితి దీనికి వర్తించదని, రిటర్నులో చూపించడం మరవొద్దని మెల్లగా చెప్పండి. ముగ్గుల పోటీలో ప్రోత్సాహక బహుమతిగా స్టీలు డబ్బా వచ్చినవాళ్లకు, పోటీకి తగలేసిన రంగుల ఖరీదుతో రెండు డబ్బాలు వచ్చేవని నిరూపించండి. నిరూపణ నిక్కంగానే ఉంటుంది. ఆ డబ్బాలో మాత్రం ఆమె ఇంకో ఇరవై ఏళ్లు పోపుగింజలు పోసుకుంటుంది, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ అది ఎక్కడ వచ్చిందో చెబుతుంది.

జూదాన్ని వెనకేసుకొస్తున్నారా అని ఎవరైనా గద్దించవచ్చు. గద్దింపు న్యాయమైనదే. ఫోనులో రమ్మీ ఆడి ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లను చూసే తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025లో కేంద్రమే దేశమంతటికీ చట్టం తెచ్చింది. కానీ ఆ ఆటకూ, చాప మీద హౌసీకీ తేడా పందెం పెద్దదా చిన్నదా అన్నదొక్కటే కాదు. ఫోనులో ఆడించేవాడు ప్రతి ఆటలో తన వాటా కోసుకుంటాడు, ఓడినవాడి మొహం ఎవరికీ కనబడదు. చాప మీద ఎవరికీ వాటా లేదు, ఓడినవాడు పక్కనే కూర్చుని గెలిచినవాడి పళ్లెంలో పకోడీ లాక్కుంటాడు. అక్కడ లెక్క కంపెనీ కోసం తేలుతుంది, ఇక్కడ ఎవరి కోసమూ తేలదు. మన పుస్తకానికి రెండోదే ఎక్కువ ప్రమాదం. మొదటిదాన్ని చూసుకోవడానికి చట్టం ఉంది.

ఇక అసలు శత్రువు చుట్టం. అతిథి అన్న మాటకు తిథి లేనివాడని అర్థం చెబుతారు పండితులు. అంటే ఫలానా రోజని చెప్పకుండా వచ్చేవాడు. కాబట్టి మొదటి జాగ్రత్త అతగాడికి ఒక తిథి అంటగట్టడం. ‘వస్తున్నాం’ అని ఫోను రాగానే సంతోషంగానే, ‘తిరుగు టిక్కెట్టు అయిందా అన్నయ్యా? రిజర్వేషన్లు దొరకడం లేదట, అందుకని అడిగా’ అనండి. ఇంతకంటే ఆప్యాయమైన ప్రశ్న ఉండదు, ఇంతకంటే పదునైనదీ ఉండదు. ఇక అరకులోనో వికారాబాదులోనో హోమ్‌స్టేలవాళ్లు చేసినట్టు, వచ్చే గంటా పోయే గంటా కాగితం మీద రాసి తలుపుకు అంటించండి. డబ్బిచ్చి దిగినవాడు రెండోసారి ఆవకాయ అడగడు, ఫ్రిజ్ తెరవడు, మీ అబ్బాయికి సంబంధాలు చూస్తున్నారా అని ఆరా తీయడు. పోతూపోతూ నక్షత్రాలు కూడా ఇచ్చిపోతాడు. మేనత్త ఇచ్చే నక్షత్రాలు అలా ఫోనులో కనిపించవు, వాటి సంగతి ఆరునెలల తర్వాత ఏ పెళ్లిలోనో తెలుస్తుంది.

చుట్టాన్ని ముందు కట్టడి చేయమనడానికి మరో కారణం ఉంది. మిగతా రెండు రోగాలూ అతని సంచిలోనే వస్తాయి. మొదటి రోజు మంచినీళ్లు, ఫాను, ‘చిక్కిపోయావే’ అన్న పలకరింపు. రెండో రోజుకల్లా పెద్దమ్మ చేతులు ఊరుకోవు. చిక్కుడుకాయలు తన ముందుకు లాక్కుంటుంది, మూడో రోజు మేడ మీద పాతచీర పరిచి వడియాలు పెడుతుంది. సాయంత్రం ఆ చింతగింజలే అరగదీసి అష్టాచమ్మాకు కూర్చుంటారు. (కొండపల్లిలో బొమ్మను అతికేదీ, ఇక్కడ మనుషులను చాపకు అతికేదీ ఒకే గింజ.) ఒక్కడూ టీవీ చూడడు, ఒక్కడూ పది గంటలకు పడుకోడు. అందుచేత చుట్టం రాకను కోస్తే చేతిపనీ ఆటా వాటంతటవే ఎండిపోతాయి, వేరే ఖర్చు లేదు. పొరపాటున కూడా డొక్కా సీతమ్మగారి దారి పట్టకండి. 1841 నుంచి 1909 దాకా బతికిన ఆ మనిషి గోదావరి లంకల్లో వేళాపాళా చూడకుండా వచ్చినవాడికల్లా అన్నం పెట్టింది. ఫలితం ఏమిటి? 2024లో ఆంధ్రప్రదేశ్ అంతటా బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు పెట్టుకున్నారు. ఇల్లు చక్కదిద్దుకునేవాళ్లకు ఇలాంటి దుష్కీర్తి అవసరమా?

తెలుగువాళ్లకు లెక్కలు కొత్తా అని ఒక గడుసు అభ్యంతరం వస్తుంది. పెళ్లిలో చదివింపులు పుస్తకంలో రాసుకోవడమే కాదు, మైకులో చదివి వినిపించే జాతి మనది. ఫలానావారు అయిదొందల పదహార్లు అని వీధంతా వినాల్సిందే. నిజమే. కానీ ఆ పుస్తకం వాడే తీరు చూడండి. అయిదొందల పదహార్లు చదివించినవారింట్లో శుభకార్యం వచ్చినప్పుడు సరిగ్గా అదే మొత్తం తిరిగి చదివిస్తే తెగతెంపులు చేసుకున్నట్టే. కొంచెం కలిపి ఇవ్వాలి. అప్పుడు బాకీ అటువైపు పడుతుంది, వాళ్లు మళ్లీ కలిపి ఇస్తారు. అప్పు తీరకుండా చూసుకోవడానికి రాసే ఖాతా ఇది. తాంబూలంలో పెట్టే రవిక ముక్కదీ ఇదే కథ. ఎవరూ కుట్టించుకోని ఆ ముదురాకుపచ్చ గుడ్డ నాలుగిళ్లు తిరిగి, మడత విప్పకుండానే మొదట ఇచ్చినావిడ బీరువాకే చేరుతుంది. హౌసీ డబ్బులాగే మొత్తం మీద లాభం సున్నా. ఈలోగా నాలుగిళ్ల గడపలు తొక్కడం మాత్రం జరిగిపోయింది. మన మాటే చూడండి. బయల్దేరే చుట్టం ‘వెళ్తాం’ అంటే ఇంటివాళ్లు నొచ్చుకుంటారు, ‘వెళ్లొస్తాం’ అనాలి. పోయేటప్పుడే వచ్చే బాకీ రాయించుకుంటున్నారన్నమాట. ఈ వాడుక వెంటనే ఆపించండి.

దీనికంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది, దానికి ఈ పుస్తకం దగ్గర వెటకారం లేదు. 2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాల వంటకాలు వడ్డించిన సంగతి దేశమంతా వార్తల్లో చూసింది. ఆ గిన్నెలు తోమిందెవరని అడిగినవాళ్లు తక్కువ. అదే నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లు తరతరాలుగా క్రోషా సూదితో లేసు అల్లుతున్నారు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు వాళ్ల మీద 1982లో ఒక పుస్తకమే రాసింది. విదేశాలకు పోయే ఆ సరుకు అల్లే స్త్రీలను వ్యాపారులు కార్మికులుగా లెక్కపెట్టలేదని, ఇంటిపట్టున తీరికవేళ చేసుకునే పనిగా చూపించి కూలి అతి తక్కువగా ఉంచారని ఆమె చూపించింది. అంటే ‘సరదాకి చేసుకుంటున్నారులే’ అన్న మాటలోంచి ఎవరో లాభం తీస్తున్నారు. అతిథి మర్యాదల పేరుతో వంటింట్లో జరిగేదీ చాలా ఇళ్లలో అంతే. ఒకరు ‘ఉండండి, ఉండండి’ అంటారు, పొయ్యి దగ్గర నిలబడేది ఇంకొకరు. లెక్క వేయకపోవడంలోని హాయి, ఆ లెక్క తన చేతిదే అయినప్పుడే చెల్లుతుంది. పక్కమనిషి గంటలను లెక్కలోంచి కొట్టేసి ఆనందపడటం ఔదార్యం కింద రాదు, కూలి ఎగ్గొట్టడం కిందికే వస్తుంది. ఎర్రట్ట పుస్తకం అక్కడ తెరవండి: లేసుకు కూలి ఎంత, పండగ నాలుగు రోజులూ ఎవరు ఎన్నింటికి లేచారు, ఎవరు ఆఖర్న తిన్నారు. ఈ పేజీలు నింపాక మిగతా పుస్తకం రాసే ఓపిక ఉండకపోవచ్చు. అదొక ఇబ్బంది, ఒప్పుకోవాల్సిందే.

ఇంత చదివాక కూడా పని పూర్తి చేద్దామనుకునేవాళ్లకు మిగిలిన మెట్టు ఒక్కటే, అది వంటింటి గట్టు మీద ఉంటుంది. పక్కింటివాళ్లు మొన్న గుత్తివంకాయ పంపిన స్టీలు గిన్నె, అడుగున వాళ్ల ఇంటిపేరు చెక్కించింది. దాన్ని ఖాళీగా ఇవ్వకూడదని, కనీసం పిడికెడు పంచదారైనా వేసివ్వాలని ఇంట్లో ఎవరో గొణుగుతారు. ఆ పంచదారే అసలు ప్రమాదం. దానికి బదులు పులిహోర వస్తుంది, పులిహోరకు బదులు ఇక్కడినుంచి బొబ్బట్లు వెళ్లాలి, ఆ బొబ్బట్లు చేయడానికి ఊరినుంచి పెద్దమ్మ రావాలి. కాబట్టి సబ్బుతో తోమండి, పొడిగుడ్డతో తుడవండి, కాలింగ్ బెల్ కొట్టి, ఆ గిన్నె ఖాళీగా వాళ్ల చేతిలో పెట్టండి.