మౌనవ్రత స్పీకర్లు

అమెరికాలో థీల్ ఆడియో అని ఓ చిన్న స్పీకర్ల కంపెనీ ఉండేది. 2009లో దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన జిమ్ థీల్ పోయారు, 2018లో కంపెనీకి తాళం పడింది. ఇలాంటి కంపెనీ మూతపడితే చాలు, నిన్నటి పాత సామాను ఇవాళ ‘అరుదైన సరుకు’!

అలాంటి జత నల్గొండలో ఓ ఎన్నారై తండ్రి హాల్లోకి చేరిందనుకోండి. పిల్లలు ముట్టొద్దు, వాల్యూమ్ పావు దాటొద్దు. వాయిస్ కాయిల్ కాలితే అడగడానికి కంపెనీ లేదాయె! హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి మోసుకెళ్తే మెకానిక్ అభయం: “ఫికర్ జెయ్యకుండ్రి సార్, అహుజా మైక్‌సెట్‌ది ఏస్త. ఇంకింత గట్టిగ మోగుతది!” పెద్దాయన గుండె గుభేల్.

అందుకే లక్షల పెట్టెలకు గుడ్డ కప్పి, టీవీ స్పీకర్‌లోనే పాటలు. వినాయకుడి ఊరేగింపు నాడు మాత్రం వీధిలో అద్దె డీజే దెబ్బకు కిటికీ అద్దాలతో పాటు అవీ గడగడలాడతాయి. కొన్నాక వాటిలోంచి చప్పుడు రావడం అదే మొదలు. వారసులకు వీలునామాలో ఏం రాయాలో తెలుసుగా: సీలు తీయలేదు, ధర తగ్గించొద్దు!